బానెట్ మీద ఇంద్రధనుస్సు

సందేహాలు - సమాధానాలు

సంక్రాంతికి ఊరొచ్చిన కార్లు తిరిగి వెళ్ళిపోయాక ఈ శీర్షికకు ఉత్తరాలు పెరుగుతాయి. జగ్గన్నతోట తీర్థంలో పట్టిన దుమ్ము కడిగి, సీసాలో దొరికే కోటింగ్ కొట్టి తుడిచి, సాయంత్రం ఎండ ఏటవాలుగా పడేసరికి చారలు చూసి కంగారుపడ్డవాళ్ళు ఈసారి చాలామంది రాశారు. అందుకే ఈ సంచిక మొత్తం స్ప్రే కోటింగులకే ఇచ్చేశాను. సీసా మీద ఉండే సూచనలు ఏ ఒక్క ఊరి గాలినీ దృష్టిలో పెట్టుకుని రాసినవి కావు. గౌతమికీ వశిష్ఠకీ సముద్రానికీ మధ్య నిలబెట్టిన కారుకు వాటిని కొంచెం సర్దుకోవాలి. ఆ సర్దుబాటు గురించే ఈ జవాబులు.

*

మాది నల్ల కారండి. సిరామిక్ స్ప్రే తెప్పించి బానెట్ మీద బాగా కొట్టి మెత్తటి గుడ్డతో రుద్దాను. మధ్యాహ్నం చూస్తే నిగనిగలాడింది. సాయంత్రానికి నీళ్ళ మీద డీజిల్ పడ్డట్టు రంగురంగుల చారలు! పోతాయేమోనని మళ్ళీ కొడితే ఇంకా ఎక్కువయ్యాయి. నాకిచ్చింది నకిలీ సరుకంటారా?
— బ్యాంకు ఉద్యోగి, అమలాపురం

నకిలీ అనుకోనక్కర్లేదు. "బాగా కొట్టి" అని మీరే రాశారు, జవాబు అందులోనే ఉంది. మన కార్ల రంగు మీద ఉండే పారదర్శకపు పూత మందం సుమారు 40, 50 మైక్రాన్లు. దాని మీద ఈ స్ప్రే మిగల్చాల్సిన పొర ఒక్క మైక్రాన్ కూడా ఉండదు. అంతకుమించి పడ్డ ద్రవానికి పోయే దారి లేదు. కొన్నిచోట్ల మందంగా, కొన్నిచోట్ల పల్చగా ఆరుతుంది. వెలుగు ఆ పొర పైముఖం నుంచీ అడుగు నుంచీ కూడా తిరిగి వస్తుంది. ఆ రెండూ కలిసేచోట మందాన్ని బట్టి రంగులు పుడతాయి. కాలవలో డీజిల్ తెట్టు మీద కనబడే రంగులకీ కారణం ఇదే కాబట్టి మీ పోలిక చక్కగా కుదిరింది. నల్లరంగు మీద ఇవి కొట్టొచ్చినట్టు కనబడతాయి, తెల్లరంగు మీద దాక్కుంటాయి.

అట్లు పోసేటప్పుడు పెనానికి నూనె ఎలా రాస్తారో గుర్తు చేసుకోండి. ఉల్లిపాయ చెక్కను నూనెలో అద్ది పెనమంతా రుద్దుతారు. నూనె ఉందో లేదో కంటికి కనబడదు, అట్టు మాత్రం అంటుకోకుండా లేస్తుంది. మనకు కావలసింది అంతే. పనిని ఇలా చేయండి. బానెట్‌ను మనసులో నాలుగు భాగాలు చేసుకోండి, ఒక్కోటి రెండడుగుల చదరం మించకుండా. ద్రవాన్ని రేకు మీద కొట్టకండి. గుడ్డ మీద రెండుసార్లు కొట్టండి, చాలు. మొదట నిలువుగా, ఆ వెంటనే అడ్డంగా, చెయ్యి బరువు వేయకుండా పరచండి. తడి ఇంకా మెరుస్తుండగానే రెండో పొడిగుడ్డ తీసుకుని తుడిచెయ్యండి. రెండు గుడ్డలూ వేరువేరుగా ఉండాలన్నది ఈ పని మొత్తానికి ప్రాణం. పరిచిన గుడ్డతోనే తుడిస్తే, అప్పటికే నానిపోయి ఉంటుంది గనక తీసుకోవలసిన తడిని మళ్ళీ రేకుకే అప్పజెబుతుంది. మీరు చూసిన చారల్లో చాలావరకు ఆ గుడ్డ అంచు వదిలినవే అయ్యుంటాయి. గుడ్డను నాలుగు మడతలు పెడితే ముందూ వెనకా కలిపి ఎనిమిది ముఖాలొస్తాయి. ఒక్కో భాగానికి ఒక్కో కొత్త ముఖం వాడండి.

ఇంకోమాట. రావులపాలెం వెళ్ళొచ్చి ఇంజన్ ఆపగానే బానెట్ మీద చెయ్యి వేయకండి. నీడలో ఉన్నా లోపలి వేడి గంటసేపు పోదు. అరచెయ్యి కష్టానికి అలవాటుపడి మొద్దుబారి ఉంటుంది కాబట్టి ముంజేతి వెనకవైపు ఆనించి చూడండి. చల్లగా తగలాలి. వేడి రేకు మీద ద్రవంలోని తేలిక భాగం క్షణంలో ఆవిరైపోయి, చిక్కటిది గుడ్డకు అందకుండా అక్కడే అతుక్కుంటుంది.

ఉన్న చారల సంగతి. కొట్టిన గంటా రెండు గంటల్లోపయితే అదే ద్రవాన్ని గుడ్డకు ఒక్కసారి పట్టించి చారల మీద తిప్పితే పాతది కరిగి లేస్తుంది, వెంటనే పొడిగుడ్డతో తీసెయ్యాలి. మీరు రెండోసారి చేసింది దాదాపు ఇదే, కానీ కొట్టింది రేకు మీద, మళ్ళీ ఎక్కువగా. ఇప్పటికి రోజులు గడిచాయి కనుక ముందు తడిపి పిండిన మైక్రోఫైబర్ గుడ్డతో ప్రయత్నించండి. లొంగకపోతే తొమ్మిది పాళ్ళ నీళ్ళకు ఒక పాలు ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కలిపి తుడవండి. చేతులకు రాసుకునే శానిటైజర్ జెల్లు మాత్రం వాడకండి, అందులో గ్లిజరిన్ ఉంటుంది, అదే కొత్త చారలు పెడుతుంది. అప్పటికీ పోకపోతే సన్నరకం పాలిష్‌తో ఆ భాగం వరకే చేత్తో రుద్ది, మొదటినుంచి చేసుకోవడమే.

*

మా కారు వారంలో నాలుగు రోజులు పంటు ఎక్కి నరసాపురం వెళ్ళొస్తుందండి. ఎండలో చేయకూడదన్నారని తెల్లవారి ఆరింటికే ఆరుబయట పెట్టి చేస్తున్నాను. చారలు కాదుగానీ, అంతా మబ్బు పట్టినట్టు ఉంటోంది. ఏం తప్పు చేస్తున్నానో చెప్పండి.
— సఖినేటిపల్లి పాఠకుడు

మీరు ఎండను తప్పించుకుని మంచుకు దొరికారు. రాత్రంతా ఆకాశం కింద ఉన్న కారు పైరేకు తన వేడిని పైకి వదిలేసి చుట్టూ ఉన్న గాలికన్నా చల్లబడుతుంది. మన గాలిలో తేమకు లోటు లేదు, అది ఆ చల్లటి రేకు మీద నీరై కూర్చుంటుంది. మీరు పైన కనబడే మంచు తుడిచేసి పొడిగా ఉందనుకుంటారు. రేకు ఇంకా చల్లగానే ఉంది కాబట్టి తుడిచిన రెండు నిమిషాలకే కంటికి కనబడని తేమ మళ్ళీ పడుతుంది. మీ కోటింగ్ ఆ తేమతో కలిసి ఆరుతోంది, మబ్బు అదే.

ఇక్కడ ఒక సంగతి వివరంగా చెప్పాలి. స్ప్రే కోటింగులు ముఖ్యంగా రెండు జాతులు, మన గాలిలో ఆ రెండూ సరిగ్గా ఎదురెదురుగా ప్రవర్తిస్తాయి. పాలలా తెల్లగానో, మజ్జిగ తేటలానో ఉండేవి చాలావరకు నీళ్ళ ఆధారంతో చేసినవి. గాలిలో తేమ ఎక్కువగా ఉంటే అందులోని నీరు ఆవిరి కావడానికి మొరాయిస్తుంది, తుడిచినా జిడ్డుగా జరుగుతుంటుంది. దానికి మందు ఓపిక. పొడిగుడ్డలు రెండు కాదు, మూడు పెట్టుకోవాలి. ఘాటు వాసనతో తేటగా ఉండే ద్రావకపు రకం వేరు. వాటిలో సిలికా పొరను తయారుచేసే పదార్థం గాలిలోని తేమను పట్టుకునే గట్టిపడుతుంది. తేమ ఎక్కువైతే త్వరగా బిగుస్తుంది. సీసా మీద రెండు నిమిషాలు ఆగమని ఉంటే మన దగ్గర ఒక నిమిషానికే చూసుకోవాలి, భాగాలు ఇంకా చిన్నవి చేసుకోవాలి. అందుకే పక్కింటాయన అలా చేస్తే బాగొచ్చిందనే మాట మీకు పనికిరాకపోవచ్చు. ఆయన సీసా ఏ జాతిదో ముందు కనుక్కోండి.

వేళ సంగతి. ఈ పుష్య మాఘాల్లో ఉదయం తొమ్మిది దాటాక పోర్టికోలోనో షెడ్డులోనో చేయండి. వేసవిలో సాయంత్రం అయిదున్నర తర్వాత, రేకు చల్లారి మంచు పడకముందు ఉండే ఆ గంటన్నర మంచిది. కొబ్బరిచెట్టు కింద వద్దు. కాయ పడుతుందన్న భయం సంగతి అటుంచి, పూత రాలి తడి కోటింగులో కూర్చుంటుంది.

మీ కారుకు ఇంకో కష్టం ఉంది. పంటు మీద రేవు దాటేటప్పుడు వశిష్ఠ మీది గాలి సముద్రపు ఉప్పు తెస్తుంది. ఉప్పు గాలిలోని తేమను పీల్చుకునే గుణం ఉన్నది. కడగకుండా పొడిగుడ్డతో దులిపి కోటింగ్ కొడితే ఆ ఉప్పుపొర అడుగున ఉండిపోయి మబ్బును ఇంకా పెంచుతుంది. పంటు ఎక్కిన కారును కోటింగ్‌కు ముందు తప్పనిసరిగా షాంపూతో కడగండి. చక్రాల గూళ్ళలోనూ అడుగుభాగంలోనూ నీళ్ళు ధారగా కొట్టండి. తుప్పు మొదలయ్యేది అక్కడే, ఏ స్ప్రే కూడా అక్కడికి చేరదు.

*

కోటింగ్ కొట్టిన మర్నాడు తెల్లటి గుండ్రటి మచ్చలు, తలుపుల మీద ధారల్లా తెల్లచారలు కనబడ్డాయి. ఇవి స్ప్రే చారలేనా? మేము బోరు నీళ్ళతో కడుగుతాం.
— ఉపాధ్యాయిని, కొత్తపేట

కాదు మేడం, ఇవి నీళ్ళ చారలు. స్ప్రే చార గుడ్డ తిరిగిన దారిలో వంపుగా ఉంటుంది. నీళ్ళ చార పైనుంచి కిందికి, అద్దం రబ్బరు దగ్గరో డోరు హ్యాండిల్ దగ్గరో మొదలై కారుతుంది. బోరు నీటిలో కరిగి ఉన్న కాల్షియం, మెగ్నీషియం లవణాలు నీరు ఎగిరిపోయాక తెల్లగా మిగులుతాయి. స్టవ్ మీద నీళ్ళగిన్నె అడుగున కట్టే తెల్లటి పొర ఇదే. అంతర్వేది, ఓడలరేవు వైపు తీరం దగ్గరైన కొద్దీ ఉప్పు కూడా తోడవుతుంది. మీ నీరు ఎలాంటిదో తెలుసుకోవాలంటే స్టీలు పళ్ళెంలో గరిటెడు పోసి ఎండలో ఆరబెట్టండి. ఎంత తెలుపు మిగిలితే మీ కారు మీద అంత మిగులుతోందన్నమాట.

కడగడమంతా బోరు నీటితోనే కానివ్వండి. ఆఖరి జాడింపు మాత్రం తాగే మినరల్ వాటర్ టిన్నులోంచి అయిదారు లీటర్లు మగ్గుతో పై నుంచి పోయండి, లేదా శుభ్రమైన డ్రమ్ములో పట్టిన వాన నీరు వాడండి. పోసిన వెంటనే తుడవాలి, ఆరనివ్వకూడదు. తలుపులూ డిక్కీ తెరిచి అంచుల్లో దాక్కున్న నీరు కూడా తుడిచి, ఇంకో పావుగంట ఆగి, అప్పుడు కోటింగ్‌కు దిగండి. మీ తలుపుల మీద ధారలు పని మధ్యలో ఆ అంచుల్లోంచి కారినవే. కాలవ నీళ్ళు మంచివి కదా అని కొందరు రాశారు. శ్రావణంలో ఎర్రనీరు వచ్చినప్పుడు అందులో ఉండే సన్నటి ఒండ్రు రంగు మీద గీతలు పెడుతుంది, ఆ నెలల్లో దాని జోలికి పోవద్దు.

ఉన్న మచ్చలకు తెల్ల వెనిగర్‌లో సమానంగా మంచినీళ్ళు కలిపి, నీడలో, గుడ్డతో అద్ది ఒక్క నిమిషం ఉంచి కడిగేయండి. ఆ చోట కోటింగ్ కొంత పోవచ్చు, మళ్ళీ రాసుకోవాలి. రాగిచెంబు తోమినట్టు చింతపండు పెట్టి రుద్దవద్దని బతిమాలి చెబుతున్నాను. చింతపండులోని పీచూ ఇసుకా మచ్చ కన్నా పెద్ద నష్టం చేస్తాయి.

*

మా బంపరూ, తలుపుల కింది నల్ల ప్లాస్టిక్కూ పాతబడి తెల్లబోతే ఇంట్లో కొబ్బరినూనె రాస్తాం. ఈ మధ్య వాటి మీద కూడా స్ప్రే కొట్టాను. పొద్దున్నే తెల్లటి మబ్బు చారలు కనబడతాయి. పదకొండయ్యేసరికి మాయం. మర్నాడు మళ్ళీ ప్రత్యక్షం. ఇదేం వింతండీ?
— కొబ్బరి వ్యాపారి, అంబాజీపేట

మీకన్నా ఈ వింత తెలిసినవాళ్ళు ఎవరుంటారు! చలికాలం పొద్దున్నే మీ ఇంట్లో నూనె సీసా ఎలా ఉంటుందో చూడండి. కొబ్బరినూనె 24, 25 డిగ్రీల దగ్గర పేరుకుంటుంది. ప్లాస్టిక్ సందుల్లో ఉన్న నూనె కూడా తెల్లారుజామున పేరుకుని తెల్లబడుతోంది, ఎండెక్కాక కరిగి కనబడకుండా పోతోంది. మీ స్ప్రే ఆ నూనె మీద కూర్చుంది, ప్లాస్టిక్‌కు పట్టనేలేదు.

నూనె పోయేదాకా ఏ కోటింగూ నిలవదు. గోరువెచ్చటి నీళ్ళలో షాంపూ కాస్త చిక్కగా కలిపి, మెత్తటి బ్రష్‌తో గరుకు ప్లాస్టిక్ గీతల్లోకి పోయేలా రెండుమూడుసార్లు తోమండి. ఆరాక పైన చెప్పిన ఆల్కహాల్ నీళ్ళతో తుడవండి. గుడ్డకు జిడ్డు అంటకుండా వస్తే అప్పుడు ప్లాస్టిక్‌కని ప్రత్యేకంగా అమ్మే డ్రెస్సింగ్ రాయండి. బాడీకి కొట్టే స్ప్రే ప్లాస్టిక్ మీద పనికొస్తుందని సీసా మీద రాసి ఉంటేనే దాన్ని వాడండి.

కొబ్బరినూనె రాయడం మన దగ్గర చాలా ఇళ్ళలో ఉన్నదే కాబట్టి ఇంకొంచెం చెబుతాను. రాసిన రోజు నల్లగా మెరుస్తుంది. రెండోరోజు నుంచి దుమ్మును పట్టి ఉంచుతుంది. నిజానికి కారుకు పనికొచ్చేది చెట్టు ఇచ్చే మైనం. కార్ల వాక్స్‌లో పేరున్న కార్నూబా బ్రెజిల్‌లో పెరిగే ఒక తాటిజాతి చెట్టు ఆకుల మీది మైనమే. వృక్షశాస్త్రంలో అది మన కొబ్బరి కుటుంబానిదే. ఆకులోని నీరు ఎండకు ఎగిరిపోకుండా ఆ చెట్టు తనకు తాను వేసుకున్న పూత అది. కరగాలంటే 80 డిగ్రీలు దాటాలి. మన కొబ్బరినూనె 25కే కరుగుతుంది. రెండూ చెట్టు సంపదే అయినా ఎండలో నిలబడే కారుకు ఏది రాయాలో ఈ తేడా చెబుతుంది. మీ నూనెకు మా ఇంట్లో కూరల్లో, తలకు ఎప్పుడూ చోటుంది.

*

అదే స్ప్రే అద్దాలకూ చక్రాలకూ కొట్టొచ్చా?
— ముమ్మిడివరం పాఠకుడు

సీసా మీద అద్దానికి పనికొస్తుందని రాసి ఉంటేనే ముందద్దానికి వాడండి. కాకపోతే రాత్రి యానాం వంతెన మీద ఎదుటి లైట్లు పడినప్పుడు పల్చటి చార కూడా కళ్ళు కప్పేస్తుంది, వైపర్లు గరగరలాడతాయి. చక్రాల బయటి రిమ్ముకు గుడ్డతో రాసుకోవచ్చు. బ్రేకు డిస్కు మీదికి తుంపర కూడా పోకూడదు. ఇది ప్రాణాలకు సంబంధించిన మాట.

*

కొత్త కారు తీసుకున్నాం. డెలివరీ రోజే కోటింగ్ కొట్టించుకుని అయినవిల్లి వినాయకుడి దగ్గర పూజ చేయిద్దామనుకున్నాం. పసుపు, కుంకుమ వల్ల కోటింగ్ పాడవుతుందా?
— కొత్త దంపతులు, రాజోలు

శుభం. పూజ ముందు చేయించుకోండి, కోటింగ్ తర్వాత. స్ప్రే ఏదైనా గట్టిపడడానికి కొన్ని గంటలు, కొన్నింటికి ఒక రోజు పడుతుంది. ఆ లోపల తడి పసుపుతో స్వస్తిక్ వేస్తే ఆ గుర్తు పొరలోనే ఉండిపోతుంది. కొబ్బరికాయ నీళ్ళు చిందితే చక్కెర మరకలు మిగులుతాయి. పూజ అయిన సాయంత్రమే మామూలు నీళ్ళు, కార్ల షాంపూతో కడగండి. బట్టల సబ్బు పొడి వాడవద్దు. క్షారం తగిలితే పసుపు ఎర్రబడుతుంది, పసుపులో సున్నం కలిస్తే పారాణి అయినట్టు. మరక పెద్దదైపోయిందని భయపడి గట్టిగా రుద్దుతారు, అసలు నష్టం ఆ రుద్దుడు వల్ల. గాజులాంటి పైపూత మీద పసుపు తేలిగ్గానే వస్తుంది. గరుకు నల్లప్లాస్టిక్ మీద మిగిలితే కంగారుపడకండి. పసుపులోని రంగు ఎండకు నిలవదు, కొద్దిరోజుల్లో వెలిసిపోతుంది. నంబరు ప్లేటు చుట్టూ, లోగో సందుల్లో చిక్కిన కుంకుమను మెత్తటి బ్రష్‌తో తీశాకే కోటింగ్ మొదలుపెట్టండి. మిగిలిన కుంకుమ రేణువు తడి గుడ్డకు అంటి ఎర్రటి చార అయి బానెట్ అంతా నడుస్తుంది.

*

ట్యాక్సీ తోలుకుంటానండి. 9హెచ్ అని రాసిన సీసా కొంటే గీతలు కూడా పడవంటున్నారు, నిజమా? ఇంకోటి, మొదట్లో బాగానే వచ్చేది, ఈ మధ్య అదే సీసా, అదే పద్ధతి, అయినా చారలొస్తున్నాయి.
— డ్రైవరు, రావులపాలెం

మొదటిదానికి: 9హెచ్ అన్నది పెన్సిల్ లెక్క. రంగుల పరీక్షలో మెత్తటి పెన్సిలు నుంచి గట్టిదాకా వరసగా గీసి చూస్తారు, ఆ వరసలో ఆఖరిది 9హెచ్. ఆ పెన్సిలుతో గీసినా పొర దెబ్బతినలేదని దానర్థం. ఇసుక రేణువు పెన్సిల్ కన్నా ఎంతో గట్టిది. కాబట్టి ఇసుక అంటిన గుడ్డతో తుడిస్తే గీత పడి తీరుతుంది. ఉన్న గీతలను స్ప్రే పూడ్చదు కూడా. కష్టపడి సంపాదించిన డబ్బు ఆ అంకె చూసి ఖర్చుపెట్టకండి. నీరు నిలవకుండా జారడం, మురికి తేలిగ్గా వదలడం, ఎండకు రంగు కాస్త నెమ్మదిగా వెలవడం, ఇవి నిజమైన లాభాలు. రోజూ రోడ్డు మీద ఉండే మీ బండికి కొన్ని నెలలకోసారి మళ్ళీ రాయాల్సి ఉంటుందని లెక్కేసుకోండి.

రెండోదానికి: సీసా మారలేదు, పద్ధతి మారలేదు, అయితే గుడ్డ మారి ఉండాలి. మైక్రోఫైబర్ గుడ్డ పోగు వెంట్రుక కన్నా ఎన్నోరెట్లు సన్నం. ఆ సందులే తడిని లాగుతాయి. కోటింగ్ అంటిన గుడ్డను అలాగే డిక్కీలో పడేస్తే అందులోని సిలికా గట్టిపడి పోగులు పెళుసవుతాయి, గుడ్డ తడి పీల్చడం మానేస్తుంది. నా దగ్గర ఒకసారి ఇలాగే వరసగా మూడు కార్ల మీద చారలొచ్చాయి. ద్రవాన్ని అనుమానించాను, నీళ్ళను అనుమానించాను, చివరకు ఇంట్లో ఆ గుడ్డల్ని బట్టలతో కలిపి సువాసన మృదుకారి పోసి ఉతికారని తెలిసింది. బట్టను మెత్తగా చేసే ఆ పదార్థం పోగుల మీద మైనంలా పడుతుంది, తుడిచినచోటల్లా దాన్నే పూస్తుంది. ఒక కారు యజమాని ఆ రోజు చిన్నబుచ్చుకున్న ముఖం నాకిప్పటికీ గుర్తుంది.

పని కాగానే గుడ్డల్ని నీళ్ళలో వేసి, మామూలు ద్రవ సబ్బుతో విడిగా ఉతికి, నీడలో ఆరేయండి. మరిగే నీళ్ళు వద్దు, పోగు పాడవుతుంది. నూలుతువ్వాలుతోనూ పాత పంచెతోనూ కలపవద్దు, వాటి నూగు అంటుకుంటుంది. గుడ్డ బతికుందో లేదో చూడాలంటే గచ్చు మీద నాలుగు చుక్కల నీళ్ళు పోసి గుడ్డను బరువు వేయకుండా లాగండి. నీటిని తాగితే ఉంచండి. తోసుకుపోతే ఇంజన్ తుడవడానికి మార్చేయండి. 350 జీఎస్ఎం దగ్గరి మందం, అంచు కుట్టు లేనిది, నాలుగు గుడ్డలు చాలు. లేబుల్ ఉంటే కత్తిరించండి.

*

మాది తెల్లకారు. చారలు ఉన్నాయో లేవో ఎలా తెలుస్తుంది?
— మలికిపురం పాఠకురాలు

చీకటి పడ్డాక షెడ్డులో లైటు ఆర్పి, ఫోను టార్చిని రేకుకు దాదాపు ఆనించి, పక్కవాటుగా వేయండి. మీ కన్ను ఎదుటి వైపు ఉండాలి. వెలుగు చుట్టూ జిడ్డు నీడలా ఏదైనా కదిలితే అదే చార. బానెట్ కన్నా ముందు డోరు అద్దం కిందిభాగం, డిక్కీ హ్యాండిల్ చుట్టూ చూడండి. గుడ్డ తిరగని మూలలు అవి. కోటింగ్ కొట్టిన రోజు రాత్రే చూసుకోండి, తడి మైక్రోఫైబర్‌తో ఇంకా దారికొస్తుంది.